ఇది గడ్డి కాదు, పాము గడ్డం

ప్రశ్న: మా ఇంటి వెనక పెద్ద చెట్టు ఉంది. దాని కింద ఇరవై చదరపు మీటర్ల జాగాలో మూడుసార్లు లాన్ వేశాం. మూడుసార్లూ ఆర్నెల్లు తిరక్కుండానే పలచబడి పోయింది. చివరికి ఎవరో చెబితే నీడలో నేలను కప్పే మాండో గ్రాస్ అనే మొక్క పెట్టాం. ఎనిమిది నెలలైంది. మొక్కకీ మొక్కకీ జానెడు దూరం ఇచ్చాం. ఇప్పటికీ ఆకు కన్నా మట్టే ఎక్కువ కనబడుతోంది. కొసలు ఎండిపోతున్నాయి. మా ఆయన రోజూ సాయంత్రం పైపు పట్టుకుని తడుపుతూనే ఉన్నారు. ఒక్క మూల మాత్రం బాగా అందుకుంది, అక్కడ పోచలు గబగబా లేస్తున్నాయి, ఫొటో పంపుతున్నాను. మిగతాది కూడా అలా పెరగాలంటే ఏం వెయ్యాలి? ముందు వైపు లాన్‌కి వాడే మోవర్‌తో దీన్నీ కత్తిరించొచ్చా? నడిచే దారి అంచున చారల ఆకుల లిరియోప్ ఉంది, అది బాగుంది. దాన్ని విడదీసి చెట్టు కింద నింపేస్తే సరిపోతుందా? పక్కింటావిడ "పీకేసి సిమెంట్ చేయించుకోండి" అంటున్నారు. నాకూ విసుగొచ్చేసింది.

జవాబు: ముందు ఫొటో సంగతి. చెప్పడానికి మనసొప్పడం లేదు కానీ, బాగా అందుకుందని మీరు మురిసిపోతున్న ఆ మూల ఉన్నది మాండో గ్రాస్ కాదండీ. తుంగ.

మీరే ఒకసారి చూసుకోండి. ఆ మూలకు వెళ్ళి వంగి కూర్చుని, గబగబా లేచిన పోచల్లో ఒకదాన్ని మొదట్లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. గుండ్రంగా దొర్లదు, మూడు అంచులు వేలికి తగులుతాయి. పూత కాడ వచ్చి ఉంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, అడ్డంగా తెంపితే ముక్కోణం. ఆకు లేత పచ్చగా, నిగనిగలాడుతూ, మధ్యలో గాడి పడి ఉంటుంది. ఇప్పుడు పక్కనే ఉన్న అసలు మొక్కను పట్టుకోండి. దానికి కాడే ఉండదు. సన్నటి ఆకులన్నీ నేలలోంచే ఒక కుచ్చులా వస్తాయి. ముదురాకుపచ్చ రంగు, కాస్త తోలులాంటి గట్టిదనం, కొసలు కిందికి వంగి ఉంటాయి. రెండు రోజులు చూస్తే ఇక కన్ను పొరపాటు పడదు. నా దగ్గరకు ఫొటోలు పంపే వాళ్ళలో చాలామంది ఈ తుంగనే చూపించి "ఇది భలే వస్తోందండీ" అంటారు. కాబట్టి సిగ్గుపడకండి.

సమస్యంతా ఆ మూల దగ్గరే ఉంది కనుక అక్కడే కాసేపు ఆగుదాం. తుంగను పైన పట్టి లాగితే సుఖంగా ఊడొస్తుంది, చేతికి పోచ వస్తుంది, మనకు పని అయిపోయిందన్న తృప్తి మిగులుతుంది. కింద గడ్డ మాత్రం అలాగే ఉంటుంది. గడ్డకూ గడ్డకూ మధ్య తీగలాంటి సన్నటి వేరు, దాని కొసన ఇంకో గడ్డ, ఇలా గొలుసుకట్టుగా నేల కింద అల్లుకుపోతుంది. ఒక పోచ పీకితే నాలుగు రోజుల్లో మళ్ళీ లేస్తుంది. దోకుడుపారతో చెక్కేస్తే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అంతే. మాండో గ్రాస్ వేసే ముందు మీరు నేల ఎలా సిద్ధం చేశారో రాయలేదు. బహుశా పాత లాన్‌ని పైపైన చెక్కేసి నాటి ఉంటారు. ఈ మొక్కలు పెట్టేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు అదే. వీటికి దూకుడు లేదు. కలుపుతో పోటీ పడి గెలిచే రకం కాదు. నాటక ముందు రెండు నెలలు ఖాళీ నేలతో కుస్తీ పట్టినవాళ్ళు ఆ తర్వాత హాయిగా ఉంటారు. తొందరపడి నాటేసినవాళ్ళు ఆ కుస్తీనే రెండేళ్ళు మొక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని పడతారు. మీరు ఇప్పుడు రెండో జాబితాలో ఉన్నారు.

ఆ మూల వరకు నా సలహా కటువుగానే ఉంటుంది. అక్కడున్న మాండో గ్రాస్‌ని మొత్తం పైకి తీసేయండి. ముందురోజు బాగా తడిపి, మర్నాడు నేల పదును మీద ఉన్నప్పుడు బొరిగెతో ఒక్కో దుబ్బునీ మట్టితో సహా లేపండి. బకెట్ నీళ్ళలో ముంచి వేళ్ళ మట్టంతా కడిగేయండి. కడిగాక చూస్తే మాండో గ్రాస్ వేళ్ళ మధ్యలోంచి నల్లటి, పీచు పీచుగా ఉన్న తుంగ గడ్డలు కనబడతాయి. వాటిని వేలితో తప్పించి తీసేయాలి. ఒక్క గడ్డ మిగిలినా మళ్ళీ మొదలవుతుంది. మాండో గ్రాస్‌కీ వేళ్ళ మీద ఉబ్బిన గడ్డలుంటాయి కానీ అవి తెల్లగా, కోలగా, నీళ్ళు నిండినట్టు ఉంటాయి. కంగారులో వాటిని తెంపేయకండి. ఆ దుబ్బుల్ని నీడలో, తడి గోనెపట్టా కప్పి, లేదంటే కుండీల్లో పాతి ఉంచండి. ఖాళీ అయిన మూలలో నెల, నెలన్నర పాటు తుంగ లేచినప్పుడల్లా గడ్డతో సహా తవ్వి తీయండి. ఆకు నాలుగైదు అంగుళాలు దాటనివ్వకపోతే గడ్డలో నిల్వ ఉన్న శక్తి ఖర్చవడమే తప్ప కొత్తగా చేరదు. తుంగకు నీడ పడదు. మీ ఫొటోలో కూడా కొమ్మల నీడ దాటి ఎండ తగిలే అంచునే గుంపుగా ఉంది. అంటే చెట్టు మొదలు వైపు మీకు అంత బాధ ఉండదు, ఈ అంచు దగ్గరే కాపలా కాయాలి. కలుపు మందు కొట్టొద్దా అని అడుగుతారు. దుబ్బుల మధ్య కొడితే కలుపుతో పాటు మాండో గ్రాస్ కూడా దెబ్బతినొచ్చు. నేనైతే ఆ సీసా జోలికి వెళ్ళను.

సరే, ఇప్పుడు అసలు మొక్క సంగతి. పేరులో గ్రాస్ ఉంది కానీ ఇది గడ్డి జాతి కాదు. శతావరి ఉంది చూడండి, పిల్లిపీచర అంటారు, ఆ కుటుంబం. కుండీల్లో పెంచే స్పైడర్ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ కూడా దీనికి చుట్టాలే. మాండో గ్రాస్ శాస్త్రీయ నామం ఒఫియోపోగాన్ జపానికస్. ఒఫియోపోగాన్ అంటే గ్రీకులో పాము గడ్డం. జపాన్‌లో దీన్ని జా నో హిగె అంటారు, అర్థం అదే. కాబట్టి ఇది గడ్డి కాదు, గడ్డం. ఇది మాటల గారడీ కోసం చెప్పడం లేదు. మీ ఇంట్లో జరుగుతున్న పొరపాట్లన్నీ దీన్ని గడ్డి అనుకోవడం నుంచే వస్తున్నాయి. రోజూ నీళ్ళు, మోవర్, ఎరువు, ఆర్నెల్లలో పచ్చ తివాచీ, ఇవన్నీ లాన్ లెక్కలు.

గడ్డి ఎండ తింటుంది. నీడలో, అదీ పెద్ద చెట్టు వేళ్ళు నేలలోని తడినంతా తాగేసే చోట, లాన్ బతకదు. మూడుసార్లు పోయిందంటే అందులో మీ చేతి తప్పేమీ లేదు. మాండో గ్రాస్, లిరియోప్ రెండూ తూర్పు ఆసియాలో ఎక్కువగా చెట్ల నీడన పెరిగినవి. తక్కువ వెలుతురుతో సర్దుకోవడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇందాక చెప్పిన తెల్ల గడ్డల్లో నీరు, ఆహారం దాచుకుంటాయి. ఒక ఆకు వేస్తే దాన్ని ఏడాదికి పైగా నిలుపుకుంటాయి. ఏ కాలంలో చూసినా పచ్చగా ఉండేది అందుకే. అలా పొదుపుగా బతికే మొక్క పరుగులు తీయదు. నెమ్మది దాని స్వభావం, జబ్బు కాదు.

ఎంత నెమ్మది? మీరు జానెడు దూరం ఇచ్చారు, అంటే అటూ ఇటుగా 20 సెంటీమీటర్లు. ఆ లెక్కన చదరపు మీటరుకు 25 మొక్కలు, మీ జాగాకు 500. ఈ దూరంలో నేల కనబడకుండా కప్పుకోవడానికి రెండున్నర మూడేళ్ళు పట్టినా నేను ఆశ్చర్యపోను. 10 సెంటీమీటర్ల దూరంలో నాటి ఉంటే చాలా ముందే కప్పేసేది. అయితే దూరం సగం చేయాలంటే మొక్కలు రెండింతలు కాదు, నాలుగింతలు కావాలి. చదరపు మీటరుకు 100, మీకు 2000. ఈ లెక్క విన్నాక ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. సంచీలో వచ్చేది ఒక మొక్క కాదు, ఒక దుబ్బు. దాంట్లో ఏడెనిమిది పిలకలు ఉండొచ్చు. మీరు దుబ్బుకు దుబ్బుగా గుంటలో పెట్టేశారు. రెండేసి మూడేసి పిలకలుగా విడదీసి దగ్గర దగ్గరగా పెట్టి ఉంటే అవే మొక్కలతో ఎక్కువ నేల కప్పేది.

అలాగని ఇప్పుడు అన్నిటినీ పీకి విడదీయమనను. కాస్తో కూస్తో వేరు పట్టినవాటిని కదిలిస్తే మళ్ళీ మొదటికి వస్తాయి. ఎలాగూ తుంగ మూలలోని దుబ్బుల్ని తీస్తున్నారు కదా, వాటిని విడదీయండి. కడిగిన దుబ్బును రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా విప్పితే పిలకలు వాటంతట అవే జారుతాయి, రాకపోతే కత్తితో కోయండి. ప్రతి ముక్కకూ రెండు మూడు పిలకలు, గుప్పెడు వేళ్ళు ఉండాలి. పొడుగు వేళ్ళను కొంచెం కత్తిరించినా ఫరవాలేదు. ఆకు మూడో వంతు కోసేస్తే వేళ్ళు కుదురుకునేదాకా మొక్క మీద బరువు తగ్గుతుంది. ఆ మూలకు సరిపోగా చాలా మిగులుతాయి. మిగిలినవాటిని తక్కిన జాగాలో వరసల మధ్య ఖాళీల్లో పెట్టుకుంటూ రండి. ఎదురెదురుగా కాకుండా, రెండు మొక్కల సందుకు ఎదురుగా మూడోది వచ్చేటట్టు పెడితే కంటికి ఖాళీ తక్కువ కనబడుతుంది, వాన నీటికి మట్టి కొట్టుకుపోకుండా కూడా ఆగుతుంది.

నాటేటప్పుడు ఒక్క విషయంలో జాగ్రత్త. మొవ్వు నేల పైనే ఉండాలి. ఆకులన్నీ కలిసే ఆ తెల్లటి మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్ళు పట్టుకుంటుంది. గుంట తీసి, వేళ్ళు పరిచి, మట్టి నొక్కి, నీళ్ళు పోశాక మట్టి దిగబడుతుంది, దాంతో పాటు మొక్కా దిగబడుతుంది. అందుకే ఒక పిసరు ఎత్తులోనే పెట్టడం మేలు. చెట్టు కింద మరీ లోతుగా తవ్వకండి, నేలంతా తిరగేయకండి. చెట్టుకు తిండి పెట్టే వేళ్ళు పైపైనే ఉంటాయి. బొటనవేలంత లావు వేరు అడ్డం వస్తే గుంటను నాలుగు వేళ్ళు పక్కకు జరపండి, వేరు నరకకండి. నేల ఎత్తు చేస్తే బాగుంటుందని చెట్టు మొదట్లో కొత్త మట్టి పోసేవాళ్ళూ ఉన్నారు. మాను చుట్టూ మట్టి ఎత్తితే బెరడు చివికిపోయి చెట్టుకే ముప్పు.

ఇక మీ ఆయన పైపు దగ్గరకొద్దాం. వారిని నొప్పించకుండా ఎలా చెప్పాలో మీకే తెలుసు కానీ, రోజూ తడపడం ఆపించండి. సాయంత్రం అలా పైపైన చల్లితే పై అంగుళం తడిసి ఆకులు రాత్రంతా చెమ్మగా ఉంటాయి, కింద వేళ్ళున్న చోట మాత్రం చెట్టు లాగేసుకుని పొడిగానే ఉంటుంది. పైన కుళ్ళుకు, కింద దాహానికి రెండిటికీ ఒకేసారి ఏర్పాటు చేసినట్టు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు వద్దు. పొడిగా ఉంటే పొద్దున పూట, పైపు ధార తగ్గించి నేల మీద పెట్టేసి, జానెడు లోతు దిగేదాకా నెమ్మదిగా పారనివ్వండి. మళ్ళీ ఎప్పుడు? మళ్ళీ వేలు చెప్పినప్పుడు. ఎన్ని రోజులకో లెక్క రాసివ్వమని అడగొద్దు. మీ మట్టి, మీ చెట్టు, ఆ వారం వచ్చిన వానను బట్టి అది మారుతుంది. కొత్తగా నాటిన పిలకలకు మాత్రం మొదటి నెల తడి ఆరనివ్వకూడదు.

కొసలు ఎండడానికి ఒక్కటే కారణమని చెప్పలేం, కానీ ఎండే తీరు చూస్తే చాలావరకు తెలుస్తుంది. కొస మాత్రమే గోధుమ రంగుకు తిరిగి, కిందంతా పచ్చగా, గట్టిగా ఉంటే అది దాహం, లేదంటే నీటిలోని ఉప్పు. మట్టి మీద తెల్లటి పొక్కులా ఏమైనా పేరుకుందా చూడండి. బోరు నీళ్ళు కరకుగా ఉన్న చోట అది మామూలే. అప్పుడప్పుడు వాన నీళ్ళో, మంచి నీళ్ళో ధారాళంగా పారిస్తే ఉప్పు కిందికి దిగిపోతుంది. ఆకుల మీద ఎర్రటి, గోధుమ రంగు మచ్చలు పడి, కొసల నుంచి పాకుతుంటే అది శిలీంధ్రం వల్ల వచ్చే మచ్చ తెగులు. జబ్బు ఆకులు కోసి దూరంగా పారేసి, పైనుంచి తడపడం మానితే సాధారణంగా సర్దుకుంటుంది. భయపడాల్సింది మూడోదానికి. ఆకులు మొదట్లోంచి పసుపుపచ్చగా మారుతుంటాయి. అలాంటి దుబ్బు మధ్య ఆకుల్ని పట్టుకుని మెల్లగా పైకి లాగండి. బాగున్న మొక్క అయితే చేతికి ఎదురు తిరుగుతుంది. కుళ్ళు పట్టినదైతే వెన్నలోంచి పుల్ల వచ్చినట్టు వచ్చేస్తుంది, మొదట్లో గోధుమ రంగు మెత్తదనం, చెడు వాసన. నీరు నిలిచే నేలలో ఫైటోఫ్థోరా అనే శిలీంధ్రం లాంటి జీవి చేసే పని ఇది, లిరియోప్‌లో మరీ ఎక్కువ. అలాంటిది దొరికితే దాన్నీ, చుట్టూ ఉన్న గుప్పెడు మట్టినీ తీసేయాలి, అక్కడే ఇంకోటి నాటకూడదు. మీ ఫొటోలో నాకు కొస ఎండడమే కనబడుతోంది, మొదలు కుళ్ళు కనబడలేదు. అయినా ఓ పది దుబ్బులు లాగి చూసుకుంటే మీకు టెన్షన్ తీరుతుంది.

"ఏం వెయ్యాలి" అన్నారు. ఏమీ వేయకండి. ముఖ్యంగా యూరియా. అది వేస్తే ముందు తింటది తుంగే. ఏడాదికోసారి బాగా మాగిన కంపోస్టు మొక్కల మధ్య పలచగా, మొవ్వుకు తగలకుండా చల్లితే ఎక్కువే. ఖాళీ నేల మీద చిన్నగా నలిపిన ఎండుటాకులు రెండు వేళ్ళ మందం పరిస్తే కొత్త కలుపు గింజలు మొలవడం తగ్గుతుంది, తడి కూడా ఆగుతుంది.

మోవర్ మాట. గడ్డి ఆకును కోస్తే వారంలో కొత్త ఆకు దాన్ని కప్పేస్తుంది. ఇక్కడ ఆకు ఏడాది పైగా ఉంటుందని చెప్పాను కదా. కోసిన మొండి కొస అన్నాళ్ళూ గోధుమ రంగు గీతతో మీ కళ్ళెదురుగానే ఉంటుంది. నెలకోసారి మోవర్ తిప్పితే మీరు చూసేది పచ్చదనం కాదు, మొండి కొసల పొలం. మాండో గ్రాస్‌ను అసలు కోయకపోయినా ఏం కాదు. ఆకులు మరీ చిరిగి, ఎండి, కళ తప్పితే ఏడాదికి ఒక్కసారి, చలి తగ్గి కొత్త ఆకు వేసే ముందు, కత్తెరతో మూడు నాలుగు అంగుళాలు వదిలి కోసుకోవచ్చు. కోసే ముందు ఆకులు రెండు చేతులతో పక్కకు తీసి దుబ్బు లోపలికి చూడండి. లేత పచ్చని సూదుల్లాంటి కొత్త చిగుళ్ళు లేచాయా? లేస్తే ఆలస్యమైపోయినట్టే, ఆ ఏడు వదిలేయండి. చిగురు కొస తెగితే ఆ ఆకు ఉన్నంతకాలం మొండిగానే ఉంటుంది. దారి అంచున మీకున్న లిరియోప్‌కు మాత్రం ఈ ఏడాదికోసారి కోత బాగా అందాన్నిస్తుంది. దాని ఆకులు వెడల్పు, ముదిరితే చిరిగినట్టు కనబడతాయి.

ఆ చారల లిరియోప్‌ని చెట్టు కిందికి తేవాలన్న ఆలోచన మానుకోండి. దానికి నీడ పడదని కాదు. కటిక నీడలో చారలు మాసిపోయి ఆకు మామూలు పచ్చగా మారిపోతుంది, ఇక అంత అందమైనదాన్ని తెచ్చి ప్రయోజనం ఏముంది? అది దుబ్బు కట్టే రకం, లిరియోప్ మస్కారి అయి ఉంటుంది. మోకాలి కన్నా తక్కువ ఎత్తు, వంగపండు రంగు పూల కంకులు, తర్వాత నల్లటి గింజలు. దారి అంచుకు దాన్ని మించింది లేదు. విడదీసి ఆ అంచునే ఇంకాస్త పొడిగించండి, లేదంటే చెట్టు నీడ అంచులో, సగం వెలుగు తగిలే చోట ఒక వరస పెట్టండి. తుంగ మూలను శుభ్రం చేశాక అక్కడ ఒక వరస పెడితే నాకైతే బాగుంటుందనిపిస్తోంది. లోపలి వైపు మాండో గ్రాస్, అంచున చారల ఆకు.

ఇంకెవరైనా లిరియోప్ ఇస్తామంటే మాత్రం ఏ రకమో చూడకుండా తెచ్చుకోకండి. నేను ఒకసారి అలాగే తెచ్చుకున్నాను. చీటీ మీద ఉత్త లిరియోప్ అని ఉంది. పెట్టిన రెండో ఏడు ఇటుకల సందుల్లోంచి పోచలు రావడం మొదలైంది. మూడో ఏడు దారికి అవతల, నేనెప్పుడూ ఏదీ నాటని చోట లేచింది. అది లిరియోప్ స్పైకాటా, నేల కింద వేరు పాకించి నడిచిపోయే రకం. ఆకు మస్కారి కన్నా సన్నం, కానీ కుండీలో చూస్తే తేడా తెలియదు. దుబ్బును కుండీలోంచి లేపి కింద చూస్తే మాత్రం తెల్లటి తాళ్ళలాంటి వేళ్ళు అడ్డంగా, గోడ వెంట చుట్టుకుని ఉంటాయి. ఇంకేమీ పెరగని వాలు మీద, మట్టి జారిపోయే గట్టు మీద అది వరమే. పూలమడి పక్కన మాత్రం పెట్టకూడదు. దాన్ని ఏరి పారేయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ అక్కడ సన్నటి పోచ కనబడితే చేయి దానంతటదే కిందికి పోతుంది. మీ మాండో గ్రాస్ కూడా నేల కింద సన్నటి పోగులు పంపుతుంది కానీ అంత దూకుడు ఉండదు, అదే మనకు కావాల్సింది.

మాండో గ్రాస్‌లో ఇంకో రెండు రకాలు మీకు కనబడతాయి. ఒకటి పొట్టిది, రెండు మూడు అంగుళాలే. నాపరాళ్ళ సందుల్లో పెడితే ముచ్చటగా ఉంటుంది, కానీ మామూలుదే మీకు నెమ్మది అనిపిస్తే పొట్టిదాన్ని చూస్తే ఏడుపొస్తుంది. పైగా మీ చెట్టు పెద్దాకులు రాల్చే రకమైతే ఆ ఆకుల కింద అది ఊపిరాడక పోతుంది. రెండోది నల్లది, నిజంగానే నల్లటి ఆకు, ఒఫియోపోగాన్ ప్లానిస్కేపస్‌లో ఒక రకం. చెట్టు కింది నల్లమట్టి మీద పెడితే అక్కడ మొక్క ఉందన్న సంగతే తెలియదు. తెల్ల గులకరాళ్ళ మధ్యో, లేతాకుపచ్చ మొక్క పక్కనో పెట్టాలి. దాని గింజ నాటితే కొన్ని పచ్చవి కూడా పుడతాయి, నలుపు కావాలంటే పిలకలే దారి.

గింజల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను, పనికి సంబంధం లేదు. మాండో గ్రాస్ కుదురుకున్నాక ఆకుల మాటున, ఎవరికీ కనబడకుండా చిన్న చిన్న తెల్లటి పూలు పూస్తుంది, తర్వాత ముదురు నీలం పూసలు కాస్తుంది. ఆకులు పక్కకు తీస్తే తప్ప కనబడవు. అవి పళ్ళు కావు. పిందె దశలోనే కాయ గోడ పగిలిపోయి, లోపలి గింజ బయటపడి, ఆ గింజే నీలం తొక్క కప్పుకుని ముదురుతుంది. ఆ నీలం తొక్క గోరుతో ఒలిస్తే లోపల చంద్రకాంతపు రాయిలా తెల్లటి, గట్టి గోళీ ఉంటుంది. దాన్ని గచ్చు మీద కొట్టండి, రబ్బరు బంతిలా ఎగురుతుంది. జపాన్ పిల్లలు వీటితో ఆడుకునేవారట. మీ ఇంట్లో చిన్న పిల్లలుంటే నోట్లో పెట్టుకోకుండా చూసుకుంటూ ఆడించండి. మొలకెత్తించాలన్నా ఆ తొక్క తీసేసి కడిగి పాతాలి, కానీ గింజ నుంచి పెంచడం ఓపికకు పరీక్ష, మీకు వద్దు.

నడక సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. లాన్ మీద తిరిగినట్టు దీని మీద తిరగడం కుదరదు. ఎప్పుడైనా ఒక అడుగు పడితే తట్టుకుంటుంది, రోజూ అదే దారిన తొక్కితే నలిగిపోతుంది. చెట్టు దగ్గరికి రోజూ వెళ్ళే దారి ఉంటే అడుగుకో బండ వేసేయండి. దానివల్ల కప్పాల్సిన నేల కూడా తగ్గుతుంది. రాలిన ఆకులు పెద్దవైతే వారానికోసారి మెత్తటి చీపురుతోనో, చేత్తోనో ఏరేయండి. ఇనప పళ్ళ దంతెతో లాగితే వేరు పట్టని పిలకలు కూడా వచ్చేస్తాయి. చిన్నాకులైతే సందుల్లోంచి కిందికి జారి ఎరువైపోతాయి, వదిలేయండి.

పక్కింటావిడకు ఏం చెప్పాలో మీ ఇష్టం. చెట్టు చుట్టూ సిమెంట్ చేస్తే వాన నీరు, గాలి వేళ్ళకు అందవు. చెట్టు నీడ కావాలనుకుంటే అది తప్పు పని. నేల ఎప్పుడూ చిత్తడిగా, వాన పడ్డాక రోజుల తరబడి నీరు నిలిచేలా ఉంటే మాత్రం నేను మాండో గ్రాస్ కోసం పట్టుబట్టను. అలాంటి చోట వస జాతిలో సన్నాకు రకం, అకోరస్ గ్రామీనియస్ అంటారు, నీళ్ళలో కూడా నిక్షేపంగా ఉంటుంది. మీ ఫొటోలో మట్టి చూస్తే మీది అలాంటి నేల కాదు.

ఈ వారం దుబ్బులు లాగి చూడటం, తుంగ మూల ఖాళీ చేయడం పెట్టుకోండి. నెలన్నర తర్వాత పిలకలు నాటుతున్నప్పుడు, నాటక ముందు ఆ ఖాళీ నేల ఫొటో ఒకటి పంపండి, ముక్కోణం కాడలు ఇంకా ఉన్నాయో లేదో నేనూ చూస్తాను. మోవర్ అమ్మేయకండి, ముందు వైపు ఎండలో ఉన్నది నిజం గడ్డే కదా. మీ ఆయనకు సాయంత్రాలు తోచకపోతే ఆ పైపు అటు తిప్పమనండి.